బర్మా అన్నా, మయన్మార్ అన్నా...

యాంగన్ నగరం నడిబొడ్డున సూలే పగోడా ఉంది. బంగారు పూత మెరిసే ఆ ఎనిమిది పలకల స్తూపం చుట్టూ బస్సులు, టాక్సీలు రోజంతా ప్రదక్షిణ చేస్తున్నట్టే తిరుగుతుంటాయి. అక్కడి నుంచి బయలుదేరే వీధులన్నీ గీటుబద్ద పెట్టి గీసినట్టు తిన్నగా సాగుతాయి. 1852 యుద్ధంలో ఈ ఊరిని గెలుచుకున్న బ్రిటిష్ సైన్యపు ఇంజనీర్లు వేసిన నమూనా అది. వీధులకు తమ పేర్లే పెట్టుకున్నారు. గవర్నర్ జనరల్ డల్హౌసీకి ఒకటి, నమూనా గీసిన ఫ్రేజర్‌కు ఒకటి, తొలి చీఫ్ కమిషనర్ ఆర్థర్ ఫేర్‌కు ఒకటి.

ఇప్పుడు ఆ పేర్లు లేవు. డల్హౌసీ వీధి మహాబందూలా రోడ్డయింది. బందూలా 1825లో దనుబ్యూ దగ్గర ఇంగ్లిషు ఫిరంగి దాడిలో చనిపోయిన బర్మా సేనాని. ఫ్రేజర్ వీధికి 11వ శతాబ్దపు రాజు అనవ్రథా పేరొచ్చింది. ఫేర్ వీధి పన్సోడాన్‌గా, ఒకప్పుడు భారతీయ వర్తకులతో కిటకిటలాడిన మొఘల్ వీధి ష్వేబోంథాగా మారాయి. నది ఒడ్డున ఉన్న స్ట్రాండ్ రోడ్డు మాత్రం ఎందుకో ఇంగ్లిషులో పాత పేరుతోనే మిగిలిపోయింది.

వీధి బోర్డుల మీది గుండ్రటి అక్షరాలు తెలుగువారిని ఒక్క క్షణం మోసం చేస్తాయి. దూరం నుంచి మన లిపే అనిపిస్తుంది. దగ్గరకెళ్లి చదవబోతే ఒక్క అక్షరమూ కొరుకుడు పడదు. ఈ పోలిక ఊరికే వచ్చింది కాదు. రెండు లిపులూ దక్షిణాది బ్రాహ్మీ నుంచి కొమ్మలుగా చీలినవే. తాటాకు మీద గంటంతో రాసే అలవాటు రెండింటినీ గుండ్రంగా మలచిందంటారు.

వీధుల పేర్లు మారడం మాజీ వలస దేశాల్లో విశేషం కాదు. మన మద్రాసు, బొంబాయి, కలకత్తా మారాయి. కానీ బంగాళాఖాతానికి ఆవలి ఒడ్డున ఉన్న ఈ దేశంలో తగువు వీధితోనో ఊరితోనో ఆగలేదు. దేశం పేరు మీదే నడిచింది, ఇప్పటికీ తేలలేదు. బర్మా అనాలా, మయన్మార్ అనాలా అన్న ప్రశ్నకు చెప్పే జవాబును బట్టి మనిషి ఏ పక్షమో అంచనా వేసిన రోజులున్నాయి. తమాషా ఏమిటంటే, ఆ రెండూ అసలు ఒకే మాట.

ఆ మాట పాత రూపం 'మ్రన్మా'. పగాన్ రాజుల కాలంలో, 12వ శతాబ్దపు శాసనాల్లో కనిపిస్తుంది. ఐరావతీ నది మధ్య మైదానాల్లో స్థిరపడి, పగాన్ రాజధానిగా రాజ్యం కట్టిన జనం తమను తాము పిలుచుకున్న పేరది. అప్పటికి అది జనం పేరే తప్ప ఇప్పటి సరిహద్దులున్న దేశం పేరు కాదు. తర్వాతి శతాబ్దాల్లో బర్మీస్ భాషలో 'ర' ధ్వని 'య'గా మారిపోయింది. రాత మాత్రం మారలేదు. అంటే రాసేది 'మ్రన్మా', పలికేది 'మ్యన్మా'. నోరు ఇంకాస్త వదులైతే 'మ్యమా'. అది మరింత అరిగితే 'బమా'. పెదాలు కలిపి పలికే 'మ' అలాగే పెదాలు కలిపి పలికే 'బ'గా జారడం భాషల్లో కొత్తేమీ కాదు. ఇలా ఒకే మాట రెండు దుస్తులు తొడుక్కుంది. శాసనాలకు, రాజుగారి ఉత్తర్వులకు, పుస్తకాలకు మ్యన్మా. సంతలో, పడవలో, వంటింట్లో బామా. గ్రాంథికానికీ వ్యావహారికానికీ ఉన్న తేడా తెలుగువారికి విడమరచి చెప్పనక్కర్లేదు. గిడుగు రామమూర్తి కాలం నుంచి ఆ గొడవ మనకు ఇంటి సంగతే.

పడమటి వాళ్లు వచ్చింది ఓడల్లో. వాళ్లకు మొదట వినిపించింది రేవుల్లో జనం మాట. అందుకే ఇటలీ వాళ్లకు బిర్మానియా, ఫ్రాన్స్ వాళ్లకు బిర్మనీ, ఇంగ్లిషు వాళ్లకు బర్మా అయింది. అలాగని వాళ్లకు రెండో రూపం తెలియదనుకోవడం పొరపాటు. 1795లో మైఖేల్ సైమ్స్ రాయబార బృందంతో వెళ్లిన వైద్యుడు ఫ్రాన్సిస్ బుకానన్ 1799లో ఒక వ్యాసం ప్రచురించాడు. మనం బర్మాలు అనే ఈ జనం తమను తాము పిలుచుకునేది వేరే అంటూ, మ్యన్మాకు దగ్గరగా ఉండే రూపాన్ని అందులో నమోదు చేశాడు. ఆ వ్యాసంలో ఇంకో పేరు కూడా ఉంది. దాని సంగతి తర్వాత.

పక్కింటివాళ్లు పెట్టిన పేర్లలో చరిత్ర ఇంకా గాఢంగా ఉంటుంది. చైనాకు మ్యెన్‌త్యెన్, థాయ్‌లాండ్‌కు ఫమా. రాజధాని అవా కాబట్టి మణిపూరీలు ఆ జనాన్నే 'అవా' అన్నారు. 1819 నుంచి 1826 దాకా అవా సైన్యాలు మణిపూర్‌ను ఖాళీ చేసిన కాలాన్ని అక్కడ ఏడేళ్ల వినాశంగా నేటికీ చెప్పుకుంటారు. అస్సామీలకు వాళ్లు 'మాన్'లు. ఆ దండయాత్రల రోజులకు 'మానొర్ దిన్' అని పేరు. యాంగన్‌లో ప్రధాన వీధి మీద వీరుడిగా నిలిచిన బందూలా, గువాహటి వైపు నుంచి చూస్తే ఆ మాన్‌ల సేనాని. ఇక మరాఠీలో ఇది బ్రహ్మదేశం. లోకమాన్య తిలక్ 1908 నుంచి 1914 దాకా మాండలే జైల్లో ఉండి 'గీతారహస్యం' రాసింది మరాఠీ పాఠకుల దృష్టిలో బ్రహ్మదేశంలోనే. ఆ దేశం పేరు బ్రహ్మ నుంచే పుట్టిందన్న కథ బర్మాలోనూ ఉంది. సృష్టి మొదట్లో భూమి మీదికి దిగిన బ్రహ్మల సంతతి తామని పండితులు చెప్పుకున్నారు. వినడానికి బాగుంటుంది కానీ శాసనాల్లోని 'మ్ర'ను 'బ్ర'తో ముడిపెట్టడం భాషా శాస్త్రం ముందు నిలవదు.

తెలుగువారి పేరుతో ముడిపెట్టిన కథ కూడా ఒకటుంది. దక్షిణ బర్మాలోని మోన్ జాతిని బర్మీయులు చాలాకాలం 'తలైంగ్' అన్నారు. అది 'తెలింగాణ' నుంచే వచ్చిందని ఆర్థర్ ఫేర్ లాంటివారు వాదించారు. కళింగ, ఆంధ్ర తీరాల నుంచి వెళ్లినవారి జాడ అందులో ఉందన్నది వారి ఊహ. మోన్‌లకు మాత్రం ఆ మాట గిట్టదు. కాళ్లకింద తొక్కబడినవారు అన్న అర్థం అందులో వినిపిస్తుందని వారి అభ్యంతరం. అసలు మూలం ఏదైనా ఇప్పుడు మర్యాద గలవారెవరూ ఆ మాట వాడరు. వారిది మోన్ జాతి, అంతే.

'రంగూన్' సంగతి మరీ చిత్రం. ఈ ఊరి పాత పేరు డగోన్. కొండ మీది బంగారు స్తూపం ష్వేడగోన్ పేరులో అది బతికే ఉంది. 1755లో అలౌంగ్‌పాయా రాజు మోన్‌ల నుంచి ఊరిని గెలుచుకుని, శత్రువులు అంతమైపోయారన్న అర్థంలో కొత్త పేరు పెట్టాడు. రాతలో అది 'రన్‌కున్'. పలకడంలో 'యాన్‌గోన్'. ఇంగ్లిషు వాళ్లు 'ర'తో రంగూన్ అన్నది నాలుక తిరగక కాదు. రాతలో ఆ 'ర' ఉంది. పడమటి తీరాన అరాకాన్ వాళ్లు నేటికీ 'ర'ను 'ర'గానే పలుకుతారు.

ఇక 'మయన్మార్' చివర ఉన్న 'ర్' మాటకొస్తే, అది బర్మీస్‌లో ఎన్నడూ లేదు. దీర్ఘాన్ని సూచించడానికి ఇంగ్లిషు స్పెల్లింగులో వేసిన అక్షరమది. లండన్ ఉచ్చారణలో అది పలకదు కాబట్టి వాళ్లకు ఇబ్బంది లేదు. మనం మాత్రం దాన్ని పట్టుకుని గట్టిగా పలుకుతున్నాం. 'మ్య' అని ఒత్తుతో హాయిగా రాయగలిగిన లిపి చేతిలో ఉండి కూడా తెలుగు పత్రికలు ఇంగ్లిషు స్పెల్లింగును విడగొట్టి 'మయన్మార్' చేశాయి. అలవాటైపోయింది కాబట్టి ఇక మారదు కూడా.

బర్మాను బ్రిటన్ మూడు యుద్ధాల్లో ముక్కలుగా మింగింది. 1885లో చివరి రాజు థీబాను రత్నగిరికి పంపేసి 1886 జనవరి 1న మిగిలిన రాజ్యాన్నీ కలిపేసుకుంది. అంతకు ముందే చివరి మొఘల్ చక్రవర్తి బహదూర్ షా జఫర్‌ను రంగూన్‌కు పంపారు. ఆయన 1862లో అక్కడే కన్నుమూశాడు. ఢిల్లీ రాజు రంగూన్‌లో, మాండలే రాజు కొంకణ తీరంలో. పాలకుల ఇచ్చిపుచ్చుకోవడం అలా ఉండేది. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా భారత సామ్రాజ్యంలో ఒక భాగం మాత్రమే. పాస్‌పోర్టు అక్కర్లేదు, ఓడ టికెట్ చాలు.

ఆ టికెట్ మీద వెళ్లినవారిలో తెలుగువారు లక్షల్లో ఉన్నారు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం రేవుల నుంచి ఓడలెక్కి రంగూన్ రేవులో బస్తాలు మోశారు, ధాన్యం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. ఉత్తరాంధ్ర పల్లెల్లో 'రంగం పోవడం' అంటే అదే. రంగూన్‌లో వారిని 'కోరంగి' అన్నారు. గోదావరి ముఖద్వారంలో ఉన్న కోరంగి రేవు 1839 తుపానుకు తుడిచిపెట్టుకుపోయింది. కానీ ఆ రేవు పేరు సముద్రం దాటి ఒక జనం పేరుగా మిగిలింది. శ్రీకాకుళం వాడైనా విశాఖ వాడైనా అక్కడ కోరంగే. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనం సుమారు 4 లక్షలైతే అందులో సగానికి పైగా భారతీయులు. బర్మా ప్రధాన నగరంలో బర్మీయులు అల్పసంఖ్యాకులయ్యారు.

దేశం పేరు రాజకీయ నినాదమైంది సరిగ్గా ఈ రేవులోనే. 1930 మేలో తెలుగు రేవు కూలీలు జీతాల పెంపు కోరుతూ సమ్మె కట్టారు. ఓడల కంపెనీలు వారి స్థానంలో బర్మీయులను పనిలో పెట్టుకున్నాయి. కొద్ది రోజులకు సమ్మె పరిష్కారమైంది. తెలుగువారు తిరిగి పనిలోకి వచ్చారు. బర్మీయులను పొమ్మన్నారు. మే 26న రేవు దగ్గర మొదలైన కొట్లాట ఊరంతా పాకింది. అధికార లెక్కల ప్రకారమే వంద మందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు తెలుగు కూలీలు. లాభం చూసుకున్నది కంపెనీలు, తలలు పగిలింది రెండు పేద జనాలవి.

ఆ మంటలు చల్లారకముందే యూనివర్సిటీలో పనిచేసే బా థౌంగ్ అనే యువకుడు ఒక కరపత్రం వెలువరించాడు. దాని వెనుకే 'దోబామా అసియాయోన్' పుట్టింది. మన బామా సంఘం అని చెప్పుకోవచ్చు. తెల్లదొరలను దొర అన్న అర్థంలో పిలిచే 'థకిన్' అన్న మాటను ఆ కుర్రవాళ్లు తమ పేర్ల ముందే తగిలించుకున్నారు. ఈ దేశానికి దొరలం మేమే అని దాని భావం. తర్వాతి కాలంలో స్వాతంత్ర్య నాయకుడైన ఆంగ్ సాన్ కూడా థకిన్ ఆంగ్ సానే. ఆ సంఘం పాటే కొద్ది మార్పులతో జాతీయ గీతమయింది.

అప్పుడు వారి మధ్య ఒక చర్చ నడిచింది. దేశాన్ని మ్యన్మా అనాలా, బామా అనాలా? థకిన్‌లు బామా వైపు మొగ్గారు. కారణం గమనించదగ్గది. మ్యన్మా అంటే ఆ ఒక్క జాతివారు, వారి పాత రాజ్యం మాత్రమే. బామా అంటే షాన్, కరెన్, కచిన్, చిన్, మోన్, రఖైన్ సహా అందరూ అన్నారు. 1943లో జపాన్ నీడన ఏర్పడిన ప్రభుత్వం కూడా బామా పేరే పెట్టుకుంది.

ఈ వాదనను గుర్తుపెట్టుకుంటే ముందు జరిగింది అర్థమవుతుంది.

1948 జనవరి 4 తెల్లవారుజామున, జ్యోతిష్కులు పెట్టిన ముహూర్తానికి స్వాతంత్ర్యం వచ్చింది. కొత్త దేశం రెండు పేర్లతో పుట్టింది. ఇంగ్లిషులో 'యూనియన్ ఆఫ్ బర్మా'. బర్మీస్‌లో మాత్రం అధికారిక పత్రాలకు అలవాటైన గ్రాంథిక రూపం మ్యన్మా. నలభయ్యేళ్లు ఎవరికీ ఇందులో ఇబ్బంది కనిపించలేదు. మన రాజ్యాంగంలో ఇండియా, భారత్ పక్కపక్కన కూర్చున్నట్టే అక్కడా నడిచింది.

1988 ఆగస్టులో విద్యార్థులు, బౌద్ధ భిక్షువులు, గుమాస్తాలు వీధుల్లోకి వచ్చారు. వేల మంది ప్రాణాలు పోయాయి. సెప్టెంబరు 18న సైన్యం నేరుగా గద్దెనెక్కింది. ఆ ప్రభుత్వం ఇంగ్లిషు పొట్టి పేరు 'స్లార్క్'. ఏదో రాక్షసుడి పేరులా ఉందని అందరూ అనుకున్నారు. బహుశా వాళ్లకూ అలాగే అనిపించిందేమో, 1997లో మార్చేసుకున్నారు. ఈ జనరల్స్ 1989 జూన్‌లో ఒక చట్టం తెచ్చారు. బర్మా మయన్మార్ అయింది. రంగూన్ యాంగన్, పెగూ బగో, పగాన్ బగాన్, మౌల్మీన్ మౌలమ్యైన్, అక్యాబ్ సిట్వే, అరాకాన్ రఖైన్, కరెన్ కయిన్, ఐరావతీ ఏయావడీ అయిపోయాయి. మన అట్లాసుల్లో ఒక పేజీ మొత్తం పాతబడింది.

అయితే ఆ చట్టం మార్చింది ఇంగ్లిషు పేర్లను. బర్మీస్‌లో దేశం పేరు 1948లో ఏదో అప్పుడూ అదే. ఇంట్లో మాట్లాడే భాషలో మంత్రమేసినట్టు మారిందేమీ లేదు. వలస పాలకుల తప్పులు దిద్దుతున్నామని జనరల్స్ చెప్పారు. దానికి తోడు ఇంకో కారణం చూపారు. బామా అంటే మెజారిటీ జాతి ఒక్కటే, మ్యన్మా అంటే దేశంలోని అన్ని జాతులూ అన్నారు. 1930లలో థకిన్‌లు చెప్పిందానికి ఇది అచ్చంగా తిరగేసిన వాదన. ఒకే మాటకు చెందిన రెండు రూపాల్లో ఏది అందరినీ కలుపుతుందన్నది అరవై ఏళ్లలో తలకిందులైంది. నిఘంటువులో దీనికి జవాబు దొరకదు. ఎవరి చేతిలో అధికారం ఉందో వారు చెప్పిందే అర్థం. అన్ని జాతులనూ కలుపుతోందంటున్న ఆ పేరు మీద అన్ని జాతుల అభిప్రాయం అడిగినవారు లేరు. మ్యన్మా అన్నా బామా అన్నా అది మా పేరు కాదు అనే షాన్, కరెన్ నాయకులు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు.

చట్టం వచ్చిన మరుసటి నెలలోనే ఆంగ్ సాన్ కూతురు సూచీని గృహ నిర్బంధంలో పెట్టారు. 1990 ఎన్నికల్లో ఆమె పార్టీకి 392 సీట్లు వచ్చినా అధికారం ఇవ్వలేదు. దాంతో పేరు మీద పేచీ ప్రపంచమంతా పాకింది. జనం ఎన్నుకోని ప్రభుత్వం పెట్టిన పేరు చెల్లదన్నది ప్రతిపక్షం మాట. అమెరికా, బ్రిటన్ చాలాకాలం బర్మానే పట్టుకున్నాయి. ఐక్యరాజ్యసమితి, ఆసియాన్, పక్కింటి భారత్ మయన్మార్ అన్నాయి. న్యూఢిల్లీది సూత్రం కంటే అవసరం. ఈశాన్యంలో 1600 కిలోమీటర్లకు పైగా ఉమ్మడి సరిహద్దు ఉంది. అవతల ఎవరుంటే వారితోనే మాట్లాడాలి.

2012లో ఆ దేశ ఎన్నికల సంఘం సూచీకి ఒక మందలింపు పంపింది. విదేశాల్లో బర్మా అంటున్నారు, రాజ్యాంగం ప్రకారం మయన్మార్ అనండి అని. అదే ఏడాది నవంబరులో వచ్చిన ఒబామా ఇద్దరినీ నొప్పించలేదు. అధ్యక్షుడు థేన్ సేన్ పక్కన నిలబడి మయన్మార్ అన్నాడు, సూచీ ఇంటి దగ్గర బర్మా అన్నాడు. 2016లో సూచీ అధికారంలోకి వచ్చి విదేశాంగ శాఖ తీసుకున్నాక దౌత్యవేత్తలతో ఏ పేరైనా వాడుకోండి, అభ్యంతరం లేదని చెప్పారు. తాను బర్మా అనేది అలవాటు కొద్దీ అన్నారు. ఇక తగువు తీరిందనిపించింది. 2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్లీ తిరుగుబాటు చేసింది. ఆమె మళ్లీ నిర్బంధంలోకి వెళ్లారు. ఆ రోజు వాషింగ్టన్ నుంచి వచ్చిన ప్రకటనలో దేశం పేరు బర్మా.

కానీ ఇదంతా బయటివాళ్లు ఏమనాలన్న తగువు. లోపల అసలు ప్రశ్న వేరు. ఆ పేరు కిందికి ఎవరు వస్తారు?

1982 పౌరసత్వ చట్టం దానికి ఒక గీత గీసింది. 1823కు ముందు, అంటే మొదటి ఆంగ్లో బర్మా యుద్ధానికి ముందే స్థిరపడిన జాతులవారే సంపూర్ణ పౌరులు. మిగిలినవారిది సహ పౌరసత్వం, లేదా దరఖాస్తు పెట్టుకుంటే వచ్చే పౌరసత్వం. కార్డుల రంగులూ వేరు. గులాబీ, నీలం, ఆకుపచ్చ. ప్రభుత్వం గుర్తించిన జాతుల పట్టికలో 135 పేర్లున్నాయి. తెలుగు, తమిళ, బెంగాలీ సంతతులు అందులో లేవు.

రోహింగ్యాలూ లేరు. పైన చెప్పిన బుకానన్ 1799 వ్యాసంలో ఉన్న ఇంకో పేరు ఇదే. అరాకాన్‌లో చాలాకాలంగా స్థిరపడిన ముస్లింలు తమను 'రూయింగా' అని పిలుచుకుంటారని, దానర్థం అరాకాన్ వాళ్లమని ఆయన రాశాడు. రెండు శతాబ్దాల తర్వాత ఆ పేరే నేరమయింది. 2014 జనాభా లెక్కల్లో ఆ పేరుతో నమోదు చేసుకోనివ్వలేదు. బెంగాలీ అని రాయించుకుంటే సరే, లేదంటే లెక్కలోనే లేరు. సూచీ ప్రభుత్వం కూడా విదేశీ రాయబారులను ఆ మాట వాడొద్దనే కోరింది. దేశం పేరు విషయంలో అంత ఉదారంగా ఉన్న నాయకురాలు ఈ పేరు విషయంలో పట్టు వదలలేదు. 2017 ఆగస్టు తర్వాత 7 లక్షల మందికి పైగా సరిహద్దు దాటి బంగ్లాదేశ్ చేరారు.

జనరల్స్ పెట్టిన పేర్లను తుపాకులతోనే వెనక్కి తిప్పుతున్నవారూ ఉన్నారు. 2009లో పుట్టిన సాయుధ దళం తన పేరును 'అరాకాన్ ఆర్మీ' అనే పెట్టుకుంది. 1989 చట్టం కొట్టేసిన మాట అది. 2024 ముగిసేసరికి రఖైన్ రాష్ట్రంలో ఎక్కువ భాగం ఆ దళం గుప్పిట్లోకి వచ్చింది. కలదాన్ నది మీదుగా మిజోరాం చేరాలని భారత్ వేసుకున్న రవాణా మార్గం ఆ ప్రాంతం గుండానే పోవాలి. 2023 మేలో తెరిచిన సిట్వే రేవు, అంటే పాత అక్యాబ్, దానికి మొదటి మెట్టు. పేరు ఏదైనా సరుకు కదలాలంటే ఇప్పుడు న్యూఢిల్లీ ఇద్దరితో మాట్లాడుకోవాలి. కరెన్ దళాలు తమ నేలను అసలు మయన్మార్ అనవు. వారి పటాల్లో అది 'కౌథూలే'.

బర్మీయుల నోట భారతీయుడికి 'కలా' అన్న పేరుంది. పడమటి నుంచి వచ్చినవాడు అని ఒకప్పటి అర్థం. తెల్లవాడికీ అదే మాట వాడారు. కుర్చీని నేటికీ 'కలా థైంగ్' అంటారు, అంటే కలా కూర్చునేది. శనగలు 'కలా పే'. కుర్చీకి, శనగలకు రాని అవమానం మనిషికి వచ్చేసరికి ఆ మాటలో చేరింది. ఎదురుగా అనిపించుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు.

తెలుగువారు అక్కడి నుంచి రెండు విడతలుగా ఖాళీ అయ్యారు. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక లక్షలాది భారతీయులు అరాకాన్ అడవుల్లో, మణిపూర్ కొండల్లో నడిచి వచ్చారు. దారిలో రాలిపోయినవారి లెక్క ఎవరూ కచ్చితంగా తీయలేదు. 1962లో నే విన్ సైనిక పాలన వచ్చి, 1964లో దుకాణాలు, మిల్లులు జాతీయం చేశాక రెండో విడత. ఈసారి ఓడల్లో వచ్చారు. విశాఖపట్నంలో కంచరపాలెం దగ్గరి బర్మా క్యాంపు అలా వచ్చినవారి పేరుతో నిలిచిందే. చెన్నై రేవు పక్కన బర్మా బజార్ కూడా అంతే. 1989 చట్టం ఈ బోర్డుల జోలికి రాలేదు.

రాకుండా అక్కడే ఉండిపోయినవారు యాంగన్‌లోనూ, మౌలమ్యైన్ చుట్టుపక్కల మోన్ రాష్ట్రపు పల్లెల్లోనూ ఉన్నారు. బడికీ కార్డుకూ బర్మీస్ పేరు, ఇంట్లో పెద్దలు పిలిచేందుకు అప్పారావో సూరమ్మో అన్నట్టు తెలుగు పేరు. తెలుగు చదవడం వచ్చినవారు తగ్గిపోతున్నారు. మాట్లాడేవారికి ఇంకా కొదవ లేదు. తాతల కాలంలో ఓడెక్కినవారు పట్టుకెళ్లిన తెలుగు అది. అందులో ఆ ఊరు రంగూన్ కాదు, యాంగన్ కాదు, రంగం.